మాయా ప్రజలు అంతరించిపోలేదు: స్పానిష్ ఆక్రమణ గురించి ఒక సమాధానం

అడిగిన ప్రశ్న ఇది: ‘గ్రహగతుల లెక్కలు అంత కచ్చితంగా కట్టిన మాయా నాగరికతను కొన్ని వందల మంది స్పానిష్ సైనికులు ఎలా తుడిచిపెట్టారు? ఆ జాతి పూర్తిగా అంతరించిపోయిందా? ఆ దండయాత్ర ప్రభావం ఇప్పటికీ ఏమైనా మిగిలి ఉందా?’

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అది సరిచేసుకోకపోతే మిగిలిన రెండింటికీ సరైన జవాబు దొరకదు. మాయా ప్రజలు అంతరించిపోలేదు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో 2018లో జరిగిన జనగణనలో దాదాపు 62 లక్షల మంది తాము మాయాలమని నమోదు చేసుకున్నారు. ఆ దేశ జనాభాలో అది సుమారు 42 శాతం. దక్షిణ మెక్సికోలోని యుకతాన్, చియాపాస్ ప్రాంతాల్లోనూ బెలీజ్‌లోనూ కలిపి ఇంకా లక్షల మంది ఉన్నారు. మాయా కుటుంబానికి చెందిన సుమారు 30 భాషలు ఇవాళ్టికీ బతికి ఉన్నాయి.

నేను పాతికేళ్లుగా లాటిన్ అమెరికా చరిత్ర బోధిస్తున్నాను. మొదటిసారి గ్వాటెమాలా కొండ ప్రాంతంలో ఒక సంతకు వెళ్లినప్పుడు, కూరగాయలు అమ్ముతున్న పెద్దావిడను నాకు వచ్చిన స్పానిష్‌లో ధర అడిగాను. ఆమె పక్కనున్న మనవరాలి వైపు చూసింది. ఆ పిల్ల నా మాటను కిచే అనే మాయా భాషలోకి మార్చి చెప్పింది, అవ్వ జవాబును స్పానిష్‌లోకి మార్చి నాకు చెప్పింది. ‘అంతరించిన మాయాలు’ అనే మాట ఎక్కడ కనిపించినా నాకు ఆ ఇద్దరూ గుర్తొస్తారు.

ఈ అపోహ ఎక్కడి నుంచి వచ్చిందంటే, వందల ఏళ్ల ఎడంతో జరిగిన రెండు సంగతులను ఒకటిగా కలిపేయడం వల్ల. మనం ఫోటోల్లో చూసే తికాల్, పలెంకే వంటి మహానగరాలు క్రీ.శ. 9వ శతాబ్దానికే ఖాళీ అయిపోతున్నాయి. వరుస అనావృష్టి, రాజ్యాల మధ్య ఎడతెగని యుద్ధాలు, పెరిగిన జనాభాకు చాలని నేల, ఇవన్నీ కలిసి ఆ పని చేశాయి. స్పానిష్ వాళ్లు అడుగుపెట్టే నాటికి తికాల్‌ను అడవి కమ్మేసి ఆరు శతాబ్దాలు కావస్తోంది. నగరాలు పోయాయి కానీ ప్రజలు పోలేదు. ఉత్తరాన యుకతాన్‌లో, దక్షిణాన కొండల్లో కొత్త రాజ్యాలు కట్టుకున్నారు. స్పెయిన్ తలపడింది వీళ్లతో. మన దగ్గర తరచూ వినిపించే ఇంకో రెండు మాటల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పురాణాల్లోని మయుడికీ ఈ మాయాలకూ పేరులో వినిపించే పోలిక తప్ప ఏ సంబంధమూ లేదు. 2012లో లోకం అంతమవుతుందని వాళ్ల పంచాంగం చెప్పలేదు. ఒక పెద్ద కాలచక్రం ముగిసి ఇంకొకటి మొదలయ్యే రోజు అది, అంతే.

ఇక ‘కొన్ని వందల మంది’ సంగతి. 1523 డిసెంబరులో స్పానిష్ సేనాని పెద్రో దె అల్వరాదో మెక్సికో నగరం నుంచి గ్వాటెమాలా వైపు కదిలినప్పుడు అతని దగ్గర సుమారు 120 మంది రౌతులు, 300 మంది కాల్బలం ఉన్నారు. సినిమాలు ఇంతవరకే చూపిస్తాయి. వాళ్ల వెంట వేల మంది త్లాష్‌కాలా యోధులు, నవాత్ భాష మాట్లాడే ఇతర మధ్య మెక్సికో యోధులు నడిచారు. రెండేళ్ల కిందట స్పానిష్ సేనాధిపతి కోర్టెస్‌తో కలిసి అజ్‌టెక్ రాజధానిని కూల్చిన వాళ్లే వీళ్లు. దారి చూపింది, బరువులు మోసింది, ముందు వరుసలో నిలబడి పోరాడింది వీళ్లే. దీనికి సాక్ష్యం ఈనాటి పటంలోనే ఉంది. కెత్సాల్‌తెనాంగో, వెవెతెనాంగో, చిమాల్‌తెనాంగో అనే ఊళ్ల పేర్లు చూడండి. ‘తెనాంగో’ అంటే నవాత్ భాషలో గోడలున్న చోటు, కోట ఊరు. గ్వాటెమాలా అనే పేరు కూడా నవాత్ మాట నుంచి వచ్చిందే. మాయా ఊళ్లకు మాయా పేర్లూ స్పానిష్ పేర్లూ కాక మూడో భాష పేర్లు ఎందుకు స్థిరపడ్డాయంటే, ‘ఇది ఏ ఊరు?’ అని స్పానిష్ వాళ్లు అడిగినప్పుడు జవాబు చెప్పింది ఈ మిత్రసైన్యం.

సైన్యం కన్నా ముందే రోగం వచ్చింది. 1520లో మెక్సికోలో మొదలైన మశూచే అది అని చాలామంది పండితుల అభిప్రాయం. గ్వాటెమాలా కొండల్లోని కాక్చికెల్ అనే మాయా ప్రజల పెద్దలు తర్వాతి కాలంలో తమ భాషలో రాసుకున్న వృత్తాంతంలో ఆ రోజుల వర్ణన ఉంది. శవాల దుర్గంధం, పొలాల్లోకి పారిపోయిన సగం జనం, శవాలను పీక్కుతిన్న కుక్కలు, రాబందులు. కాక్చికెల్ రాజు, ఆయన పెద్ద కొడుకు కూడా ఆ మహమ్మారికే పోయారు. తండ్రులూ తాతలూ రాలిపోయి, ఊళ్లలో పిల్లలు మిగిలిన సమయంలో అల్వరాదో గుర్రాలు కొండలెక్కాయి.

కాక్చికెల్ వాళ్ల కథ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ ఆక్రమణ స్వభావం అందులో ఉన్నంత స్పష్టంగా ఇంకెక్కడా లేదని నా నమ్మకం. కొండల్లో అప్పటికి రెండు బలమైన రాజ్యాలు: కుమర్‌కాహ్ రాజధానిగా కిచే, ఇషిమ్‌చే రాజధానిగా కాక్చికెల్. రెండింటికీ తరాల వైరం. 1524 ఫిబ్రవరిలో కెత్సాల్‌తెనాంగో దగ్గర కిచే సైన్యం ఓడిపోయింది. ఇవాళ గ్వాటెమాలా జాతీయ వీరుడిగా కొలిచే తెకున్ ఉమాన్ ఆ పోరులోనే నేలకొరిగాడని చెబుతారు. ఆ తర్వాత అల్వరాదో కిచే ప్రభువులను సజీవంగా కాల్పించి, కుమర్‌కాహ్‌కు నిప్పు పెట్టించాడు. కాక్చికెల్ వాళ్లు అతనికి సైనికులను ఇచ్చారు. పాత శత్రువు నాశనమవుతుంటే సాయం చేశామనుకున్నారు. అదే ఏడాది జూలైలో అల్వరాదో వాళ్ల రాజధానిలోనే స్పానిష్ నగరాన్ని స్థాపించి, బంగారం తెమ్మన్నాడు. తేకపోతే ఉరి తీస్తాను, కాల్చేస్తాను అన్నాడు. ఆగస్టు చివరికి కాక్చికెల్ ప్రజలు తమ సొంత రాజధానిని వదిలేసి అడవుల్లోకి వెళ్లిపోయారు. గుర్రాలు పడేలా గుంటలు తవ్వి, అడుగున మొనదేలిన గూటాలు పాతి, 1530 దాకా పోరాడారు.

చివరికి కాక్చికెల్ వాళ్ల ఇద్దరు రాజులూ లొంగిపోయారు. నదుల్లో బంగారు రేణువులు కడగడానికి నాలుగు వందల మంది మగవాళ్లను, నాలుగు వందల మంది ఆడవాళ్లను ఇమ్మన్నారని వాళ్ల వృత్తాంతం చెబుతుంది. ఇద్దరిలో ఒకరైన బెలెహె కాత్ 1532లో అలా బంగారం కడుగుతూనే చనిపోయాడు. రాజు, నీళ్లలో నిలబడి ఇసుక జల్లిస్తూ. రెండో రాజు కాహి ఇమోష్‌ను స్పానిష్ వాళ్లు 1540లో ఉరితీశారు.

దీన్ని చదివినవాళ్లు కొందరు కాక్చికెల్ వాళ్లను ద్రోహులంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. ద్రోహం చేయడానికి అప్పుడు ‘మాయా జాతి’ అనే ఒకే గుంపు లేదు. ఆ పేరు యుకతాన్‌లో వాడేవారు. కొండల్లోని వాళ్లు తమను కిచే, కాక్చికెల్, మామ్, కెక్చి అనే చెప్పుకునేవారు. అందరం మాయాలమే అన్న స్పృహ గ్వాటెమాలాలో బలపడింది గత నలభై, యాభై ఏళ్లలోనే. అది కూడా ఒకే రకం దెబ్బలు అందరికీ తగిలాక.

యుకతాన్‌లో కథ ఇంకా నెమ్మదిగా సాగింది. 1517లో అక్కడి చంపోతోన్ దగ్గర దిగిన మొదటి స్పానిష్ బృందాన్ని మాయా యోధులు చావుదెబ్బ తీసి వెనక్కి పంపారు. 1527లో మొంతేహో అనే స్పానిష్ సేనాని అధికారికంగా దండయాత్ర మొదలుపెట్టి రెండుసార్లు విఫలమయ్యాడు. అతని కొడుకు 1542 జనవరి 6న తిహో అనే మాయా నగరం మీద, దాని రాళ్లతోనే, మెరిదాను నిలబెట్టాడు. ఇంత ఆలస్యానికి కారణం మాయాల బలహీనత అనుకున్నదే వాళ్ల బలం కావడం. అజ్‌టెక్ సామ్రాజ్యానికి ఒక తల ఉంది, దాన్ని కొడితే మొండెం కూలింది. యుకతాన్‌లో పదిహేనుకు పైగా చిన్న రాజ్యాలు. ఒకటి లొంగితే పక్కది లొంగదు, ఇవాళ లొంగినది రేపు తిరగబడుతుంది. బంగారం లేదు, నదులు లేవు, ముళ్ల అడవి. 1511లో ఓడ పగిలి ఆ తీరానికి చేరిన గొన్సాలో గెర్రేరో అనే స్పానిష్ నావికుడైతే మాయా స్త్రీని పెళ్లాడి, పిల్లల్ని కని, తనవాళ్ల మీదే మాయాల పక్షాన పోరాడాడు.

అన్నిటికన్నా చివర పడింది ఉత్తర గ్వాటెమాలాలోని పెతేన్ సరస్సు మధ్య ద్వీపంలో ఉన్న ఇత్సా రాజ్యం, దాని రాజధాని నోహ్‌పెతేన్. 1525లో హోండురాస్‌కు వెళ్తూ కోర్టెస్ అక్కడ ఆగి, కాలు దెబ్బతిన్న తన గుర్రాన్ని వాళ్లకు అప్పగించి వెళ్లాడు. గుర్రం చచ్చిపోయింది. ఇత్సా వాళ్లు దాని ప్రతిమ చేసి పూజించారు. 1618లో ఇద్దరు ఫ్రాన్సిస్కన్ సన్యాసులు వచ్చి చూసేసరికి ఆ గుర్రం దేవుడు కొలువై ఉన్నాడు. వాళ్లలో ఒకరు ఆవేశంగా దాన్ని పగలగొట్టారు, ఇద్దరూ ప్రాణాలతో బయటపడటమే గొప్ప. 1697 మార్చి 13న స్పానిష్ అధికారి మార్తీన్ దె ఉర్సువా సరస్సు ఒడ్డున కట్టించిన ఫిరంగుల ఓడతో నోహ్‌పెతేన్ మీద దాడి చేసి ఆక్రమించాడు.

ఆ కాలవ్యవధి మన లెక్కలో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అల్వరాదో కొండలెక్కినప్పుడు విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు పాలిస్తున్నాడు. నోహ్‌పెతేన్ పడేసరికి గోల్కొండ ఔరంగజేబు వశమై పదేళ్లయింది. అంటే 173 ఏళ్లు. ‘కొన్ని వందల మంది తుడిచిపెట్టారు’ అన్న వాక్యంలో ఈ కాలం మొత్తం మాయమైపోతోంది.

ఇప్పుడు మూడో ప్రశ్న. మొదటి ప్రభావం జనం లేకపోవడం. దక్షిణ గ్వాటెమాలాలో 1520 నాటికి ఇరవై లక్షల మంది ఉండేవారని, వందేళ్ల తర్వాత లక్షన్నర కూడా మిగల్లేదని ఒక అంచనా. ఇలాంటి అంచనాల్లో హెచ్చుతగ్గులు ఉంటాయి. పతనం ఎంత లోతన్న దాంట్లో మాత్రం పెద్ద వివాదం లేదు. బతికినవాళ్లను కొండవాలుల మీది పల్లెల నుంచి దించి, మధ్యలో చర్చి, చుట్టూ గళ్లగళ్లుగా వీధులు ఉండే కొత్త ఊళ్లలో కుదించారు. పన్ను వసూలుకు, మతబోధకు అదే వీలు. రోగం అంటుకోవడానికి కూడా అదే వీలు. సాన్ హువాన్ కొమలాపా, సాంతియాగో అతిత్లాన్ వంటి పేర్లలో ముందు క్రైస్తవ పునీతుడు, వెనక నవాత్ మాట ఉంటాయి. ఆ ఊరివాళ్లు తమలో తాము వాడే మాయా పేరు చాలాచోట్ల పటంలోకే ఎక్కలేదు.

స్పానిష్ సైనికులకు ‘ఎంకొమియెండా’ పేరుతో ఇన్నేసి ఊళ్లు రాసిచ్చేవారు. రాసిచ్చింది భూమిని కాదు, ఆ ఊళ్ల మనుషులు కట్టే కప్పాన్ని, చేసే శ్రమను. నూలు బట్టలు, మొక్కజొన్న, తేనె, మైనం, కోళ్లు, కోకో గింజలు. దాని పక్కనే, వంతుల వారీగా మనుషులను పనికి తోలే పద్ధతి కూడా ఉండేది. తెలుగులో దీన్ని వివరించడానికి నేను కష్టపడనక్కర్లేదు. వెట్టి అంటే చాలు.

ఇక్కడ చాలామంది ఊహించని సంగతి ఒకటి ఉంది. 1821లో స్పెయిన్ పాలన పోయాక మాయా రైతు పరిస్థితి ఇంకా దిగజారింది. స్పానిష్ రాజుకు కప్పం కావాలి, కప్పం రావాలంటే ఊరికి ఉమ్మడి భూమి మిగలాలి. అందుకే ఆ భూములకు అంతో ఇంతో రక్షణ ఉండేది. కొత్త గణతంత్రాలకు ఆ అవసరం లేదు. యుకతాన్‌లో తోటల యజమానులు మాయా భూముల్లోకి చొచ్చుకువచ్చారు. 1847 జూలైలో తిరుగుబాటు రాజుకుంది. ‘జాతుల యుద్ధం’ అని పిలిచే ఆ పోరాటంలో మాయా సైన్యం మరుసటి ఏడాదికి మెరిదాను సమీపించింది. వెనక్కి తగ్గాక కూడా తూర్పు అడవుల్లో, మాట్లాడుతుందని వాళ్లు నమ్మిన ఒక శిలువ ఆదేశాల మేరకు నడిచే సొంత రాజ్యాన్ని 1901 దాకా నిలుపుకుంది. ఆ యుద్ధంలోనూ తర్వాతా జరిగిన దారుణాలకు మెక్సికో అధ్యక్షుడు 2021 మే నెలలో, ఒకప్పటి ఆ రాజధానికే వెళ్లి క్షమాపణ చెప్పాడు.

గ్వాటెమాలాలో ఆ పని కాఫీ చేసింది. 1870ల్లో వచ్చిన ఉదారవాద ప్రభుత్వం ఊరుమ్మడి భూములను తోటలకు మళ్లించి, 1877 చట్టంతో మాయా మగవాళ్లను ఆ తోటల్లో పనికి పంపే అధికారాన్ని అధికారులకు ఇచ్చింది. అప్పు పేరుతో కట్టిపడేసే పద్ధతిని 1934లో రద్దు చేసి, దాని స్థానంలో సొంత భూమి చాలినంత లేని వాడు ఏడాదికి 100 నుంచి 150 రోజులు కూలి చేసినట్టు చీటీ చూపించాలనే చట్టం పెట్టారు. 1952లో అప్పటి ప్రభుత్వం బీడు భూముల పంపకం మొదలుపెట్టింది. 1954లో అమెరికా గూఢచారి సంస్థ నడిపిన కుట్రతో ఆ ప్రభుత్వం కూలింది, పంచిన భూములను వెనక్కి లాక్కున్నారు. 1960లో అంతర్యుద్ధం మొదలై 1996 డిసెంబరు వరకు సాగింది.

ఆ యుద్ధం గురించి ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని సత్యశోధన సంఘం 1999లో నివేదిక ఇచ్చింది. చనిపోయినవాళ్లు, మాయమైనవాళ్లు కలిపి రెండు లక్షల మందికి పైగా. వివరాలు తెలిసిన బాధితుల్లో 83 శాతం మాయాలు. హింసలో 93 శాతానికి ప్రభుత్వ సైన్యం, దానికి అనుబంధ దళాలే బాధ్యులు. 1981 నుంచి 1983 వరకు నాలుగు ప్రాంతాల్లో మాయా సమూహాలపై జాతిహననం జరిగిందని ఆ సంఘం తేల్చింది. ఊరు తగలబెట్టడం, కొండల్లోకి పారిపోయినవాళ్లను వెంటాడి దించడం, వాళ్లను ‘ఆదర్శ గ్రామాలు’ అనే కొత్త ఊళ్లలో కాపలా మధ్య పెట్టడం, వాళ్లచేతే వాళ్లను గస్తీ కాయించడం. 16వ శతాబ్దపు పత్రాలు చదివి ఈ నివేదిక తెరిస్తే చేతులు వణుకుతాయి. అదే కొండలు, అవే ఊళ్లు, పని జరిగిన వరుస కూడా అదే. అప్పటి పాలకుడు రియోస్ మొంత్‌కు 2013 మే 10న న్యాయస్థానం 80 ఏళ్ల శిక్ష వేసింది. పది రోజుల్లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. మళ్లీ విచారణ పూర్తికాకుండానే 2018లో అతను చనిపోయాడు. కానీ ఆ కోర్టు గదిలో ఇషిల్ మాయా స్త్రీలు తమ నేత దుస్తుల్లో నిలబడి, తమ మీద జరిగినదాన్ని చెప్పారు. ఆ సాక్ష్యాన్ని ఏ న్యాయస్థానమూ వెనక్కి తీసుకోలేదు.

ప్రశ్నలో నక్షత్రాల లెక్కల ప్రస్తావన ఉంది కాబట్టి పుస్తకాల సంగతి కూడా చెప్పాలి. నన్ను ఎక్కువగా కలచివేసేదీ, కదిలించేదీ అదే. మాయా లేఖకులు మర్రి, రావి జాతికి చెందిన చెట్ల బెరడుతో కాగితం చేసి, సున్నం పూసి, మడతల పుస్తకాలు రాసేవారు. 1562 జూలై 12న యుకతాన్‌లోని మని పట్టణంలో దియేగో దె లాందా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి అలాంటి పుస్తకాలను, వేల విగ్రహాలను బహిరంగంగా నాశనం చేయించాడు. రహస్యంగా పాత దేవుళ్లను పూజిస్తున్నారన్న ఆరోపణపై ఆ కొన్ని నెలల్లో 4,500 మందికి పైగా హింసకు గురయ్యారని, 158 మంది చనిపోయారని తర్వాత స్పానిష్ విచారణలోనే తేలింది. ఆ పుస్తకాల్లో దయ్యపు అబద్ధాలు తప్ప ఏమీ లేవు కాబట్టి అన్నిటినీ కాల్చామని, అందుకు వాళ్లు విపరీతంగా బాధపడ్డారని లాందాయే రాసుకున్నాడు. మాయా ప్రపంచం మొత్తం మీద ఇవాళ మిగిలినవి నాలుగే పుస్తకాలు.

కానీ అదే లాందా ఆ లిపి ఎలా ఉంటుందో కూడా రాసిపెట్టాడు. స్పానిష్ అక్షరాల పేర్లు ఒక్కొక్కటిగా పలికి, మాయా లేఖకుడిని వాటి గుర్తులు వేయమన్నాడు. ‘బ’ అక్షరాన్ని స్పానిష్‌లో ‘బే’ అంటారు. లేఖకుడు ‘బే’ అనే శబ్దానికి గుర్తు వేశాడు: దారి మీద ఒక అడుగుజాడ, ఎందుకంటే వాళ్ల భాషలో బే అంటే దారి. లాందా దాన్ని హల్లు అనుకున్నాడు. లేఖకుడు రాసింది గుణింతాక్షరం. తెలుగు పిల్లలకు క, కా, కి, కీ నేర్పిన ఎవరికైనా ఆ ఇద్దరి మధ్య జరిగిన పొరపాటు వెంటనే అర్థమవుతుంది. నీకు నచ్చిన వాక్యం ఏదైనా రాయి అని చివరికి అడిగితే, అతను రాసిన వాక్యం ‘మా ఇన్ కాతి’. నాకు ఇష్టం లేదు, అని.

లాందా ప్రతి యూరప్‌లో మూడు వందల ఏళ్లు మరుగున పడి, 19వ శతాబ్దంలో బయటపడింది. 1952లో లెనిన్‌గ్రాద్‌లో యూరీ క్నోరొజొవ్ అనే యువ పండితుడు, అప్పటికి మాయా నేల మీద అడుగైనా పెట్టకుండా, ఆ గుర్తులు గుణింతాలని నిరూపించాడు. అక్కడి నుంచి లిపి నెమ్మదిగా విడివడింది. ఈలోగా మాయాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1550ల్లోనే కిచే కులీనులు, సన్యాసులు నేర్పిన లాటిన్ అక్షరాలతో తమ సృష్టిగాథ పొపోల్ వూహ్‌ను కిచే భాషలో రాసుకున్నారు. 18వ శతాబ్దం మొదట్లో చిచికాస్తెనాంగోలో ఫ్రాన్సిస్కో హిమేనెస్ అనే డొమినికన్ సన్యాసి చేసిన నకలు వల్ల అది మనదాకా వచ్చింది. కొండల్లో 260 రోజుల పంచాంగాన్ని లెక్కపెట్టే పెద్దలు ఒక్క రోజు కూడా తప్పకుండా ఇప్పటికీ లెక్కిస్తూనే ఉన్నారు.

గత కొన్ని దశాబ్దాల్లో మాయా ఉపాధ్యాయులు, భాషావేత్తలు పండితుల దగ్గర ఆ పాత లిపిని మళ్లీ నేర్చుకున్నారు. తమ పిల్లలకు నేర్పుతున్నారు. గ్వాటెమాలాలో ఇప్పుడు కొత్త శిలలు లేస్తున్నాయి, వాటి మీద చెక్కిన తేదీలు మన కాలానివి.